లద్దాఖ్, స్పితి దారులకు సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్: కొనుగోలు, తయారీపై తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు రాష్ట్రాల నుంచి సొంత వాహనంలో లద్దాఖ్, స్పితి, జంస్కార్ వంటి మారుమూల కొండప్రాంతాలకు వెళ్లాలనుకుని, అందుకోసం సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే వాహనం) కోసం వెతుకుతున్నవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇవి సమాధానాలు. హైదరాబాద్ నుంచి లేహ్ రెండున్నర వేల కిలోమీటర్ల పైమాటే. అందులో సగానికి పైగా జాతీయ రహదారి 44 మీద సాఫీగానే సాగుతుంది కాని, వాహనానికి అసలు పరీక్ష చివరి కొన్ని వందల కిలోమీటర్లలో ఎదురవుతుంది. అక్కడ చెడిపోతే బాగుచేయించుకోవడానికి వీలైన వాహనమే ఈ పనికి తగినదన్న అభిప్రాయంతో ఈ సమాధానాలన్నీ రాశాం.

ఈ దారులకు ఫోర్ బై ఫోర్ నిజంగా అవసరమా?

జూలై నుంచి సెప్టెంబరు వరకు మనాలి–లేహ్, శ్రీనగర్–లేహ్ ప్రధాన రహదారుల మీద మామూలు కార్లు కూడా తిరుగుతాయి. అంతవరకే వెళ్లి వచ్చేవారు ఈ ఖర్చు పెట్టుకోనక్కరలేదు. గ్రామ్‌ఫూ నుంచి ఛత్రు, బతల్ మీదుగా కుంజుమ్ కనుమకు ఎక్కే రాళ్లదారి, జంస్కార్ లోపలి దారులు, వర్షాకాలపు అరుణాచల్ బురద, రాజస్థాన్ ఇసుక ఇందుకు భిన్నం. అక్కడ నాలుగు చక్రాలకూ శక్తి అందడంతో పాటు, లో రేంజ్ అనే తక్కువ వేగపు గేరు ఉండటం చాలా ముఖ్యం. సముద్రమట్టానికి 5,000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత దాదాపు 60 శాతానికి పడిపోతుంది కాబట్టి టర్బో లేని పెట్రోలు ఇంజిన్ శక్తి కూడా ఇంచుమించు అదే మేరకు తగ్గిపోతుంది. ఆ స్థితిలో నిటారు ఎక్కుడులో, రాళ్ల మధ్య ఆగిన బండిని మళ్లీ కదిలించాలంటే లో రేంజ్ లేనప్పుడు భారమంతా క్లచ్ మీద పడుతుంది. కొన్ని ఎస్‌యూవీల్లో ఉండే ఆల్ వీల్ డ్రైవ్ వర్షంలో, మంచులో పట్టునిస్తుంది గాని లో రేంజ్‌కు ప్రత్యామ్నాయం కాదు.

పాత వాహనాల్లో ఏ మోడళ్లను పరిశీలించాలి?

మోడల్ ఎంపికలో మొదట చూడవలసింది విడిభాగాల లభ్యత, తర్వాత ఇంజిన్, ఆ తర్వాతే సౌకర్యం. ఈ కొలతతో చూస్తే మహీంద్రా వాహనాలు ముందు వరుసలో ఉంటాయి. కొండ పట్టణాల్లో బొలెరోలు, స్కార్పియోలు, క్యాంపర్లు విరివిగా తిరుగుతాయి కనుక వాటిని బాగుచేయగల మెకానిక్ దాదాపు ప్రతిచోటా దొరుకుతాడు. 2010 నుంచి 2020 వరకు వచ్చిన పాత థార్ సీఆర్‌డీఈలో 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్, వెనుక కమాను పట్టీలు ఉంటాయి; ప్రయాణం కుదుపులతో సాగుతుంది, సామానుకు చోటు తక్కువ, కాని దాని నిర్మాణం సరళమైనది. 2020 అక్టోబరులో వచ్చిన కొత్త థార్ దూరప్రయాణానికి ఎంతో మెరుగు: 57 లీటర్ల ట్యాంకు, 226 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్, 650 మిల్లీమీటర్ల లోతు నీటిని దాటగల సామర్థ్యం ఉన్నాయి.

మారుతి జిప్సీ 1985లో వచ్చి మూడు దశాబ్దాలకు పైగా అమ్ముడైంది. సైన్యం పెద్దసంఖ్యలో వాడినందువల్ల విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. దాని తేలికదనమే దాని బలం. ఇరుకు దారిలో, మెత్తటి నేలలో బరువైన వాహనాలు దిగబడే చోట అది సులువుగా బయటపడుతుంది. అయితే ఎత్తులో ఇంజిన్ బాగా నీరసపడుతుంది, ట్యాంకు 40 లీటర్లే, హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ వరకు వేసవి ఎండలో ఏసీ లేకుండా కూర్చోవడం కుటుంబంతో వెళ్లేవారికి కష్టం. 2023లో వచ్చిన జిమ్నీ ఈ లోపాల్లో కొన్నింటిని సరిదిద్దింది గాని దాని ట్యాంకు కూడా 40 లీటర్లే.

ఫోర్స్ గూర్ఖాలో ముందు, వెనుక డిఫరెన్షియల్ లాక్‌లు (ఒకే ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేవి), స్నోర్కెల్ (ఇంజిన్‌కు పైఎత్తు నుంచి గాలి అందించే గొట్టం) కంపెనీ నుంచే వస్తాయి. కొన్నాక మార్పులు చేయించుకునే పని తక్కువ కాబట్టి చట్టరీత్యా ఇది పెద్ద సౌలభ్యం. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మాక్స్ వీ-క్రాస్ సామాను మోయడంలో మేటి; దాని 5.3 మీటర్ల పొడవు మాత్రం ఇరుకు కొండ మలుపుల్లో ఇబ్బంది పెడుతుంది. ఫార్చ్యూనర్ నమ్మదగినదే, కాని పాతబడినా ధర దిగదు, మరమ్మతు ఖర్చూ ఎక్కువే. ఎండీవర్, పజెరో మంచి బండ్లు. అయితే ఫోర్డ్ 2021లో భారతదేశంలో తయారీ నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. మిత్సుబిషి కార్లు కూడా ఇక్కడి మార్కెట్లో లేవు. వీటి విడిభాగాలకు సొంత ఏర్పాట్లు ఉన్నవారు మాత్రమే వీటివైపు వెళ్లడం మంచిది.

ప్రకటనలో థార్ అని ఉంటే అది ఫోర్ బై ఫోర్ అనుకోవచ్చా?

అనుకోకూడదు. 2023 జనవరి నుంచి వెనుక చక్రాలకు మాత్రమే శక్తి అందే థార్ కూడా అమ్మకానికి వచ్చింది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, బయటి బ్యాడ్జీని ఎవరైనా అతికించుకోవచ్చు. గేరు లివర్ పక్కన రెండో లివర్ ఉందో లేదో చూసి, ఆర్‌సీలో రాసిన వేరియంట్ పేరుతో సరిపోల్చండి. స్కార్పియో, సఫారీ స్టార్మ్, ఫార్చ్యూనర్‌లలోనూ రెండు రకాలూ ఉన్నాయి.

బండిని చూడటానికి వెళ్లినప్పుడు ఏ క్రమంలో పరిశీలించాలి?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ముందుగా స్టార్ట్ చేసి ఉంచవద్దని అమ్మేవారికి ఫోన్‌లో చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌తో అందుకోవాలి. నీలిరంగు పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. వేడెక్కాక కూడా ఆగని తెల్లటి పొగ హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం రేపుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ ఒత్తిడితో తన్నుకువస్తున్న పక్షంలో పిస్టన్ రింగులు అరిగిపోయాయన్నమాట.

ఇంజిన్ కంటే ముఖ్యమైనది ఛాసిస్. ఇంజిన్‌ను విప్పి బాగుచేయించవచ్చు, వంగిన లేదా తుప్పు తిన్న ఛాసిస్‌తో దూర ప్రయాణం ప్రమాదకరం. అందుకే ర్యాంప్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లి కింద నుంచి చూడకుండా ఏ బండికీ అడ్వాన్స్ ఇవ్వవద్దు. విశాఖపట్నం, కాకినాడ, చెన్నై వంటి తీరప్రాంతాల్లో తిరిగిన బండ్లకు ఉప్పుగాలి వల్ల తుప్పు త్వరగా పడుతుంది. కమాను పట్టీలు బిగించే చోట్లు, బాడీని ఛాసిస్‌కు కలిపే రబ్బరు మౌంటుల పక్క, వెనుక చక్రాల వెనుక భాగం చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బోలుగా పలుకుతుంది. అడుగుభాగానికి కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే దేన్ని కప్పిపుచ్చారో తెలిసేవరకు నమ్మకూడదు. ఛాసిస్ మీద వెల్డింగ్ అతుకులు కనిపించినా, ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరంలో ఎడమకూ కుడికీ తేడా ఉన్నా ఆ బండిని వదిలేయండి.

తర్వాత రెండు డిఫరెన్షియల్‌ల ఆయిల్, ముందు, వెనుక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ కొంచెం తీయించి చూడాలి. మన మెకానిక్‌లు క్రౌన్ అని పిలిచేది డిఫరెన్షియల్‌నే. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీరు చేరింది. మెరిసే ఇనుప రజను ఎక్కువగా ఉంటే గేర్లు అరుగుతున్నాయి. ఈ పరిశీలనకు మెకానిక్‌కు ఇచ్చే కూలి మొత్తం కొనుగోలులో అతి తక్కువ ఖర్చు, అతి ఎక్కువ ప్రయోజనం.

ఫోర్ బై ఫోర్ వ్యవస్థ పనిచేస్తోందని ఎలా తెలుసుకోవాలి?

తారురోడ్డు మీద పరీక్షించకండి. ఇలాంటి వాహనాల్లో చాలావాటిది పార్ట్ టైమ్ వ్యవస్థ. ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరిగేలా లాక్ అవుతాయి కాబట్టి, మలుపులో చక్రాలు జారడానికి వీలులేని గట్టి నేల మీద ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. ఇసుక లేదా కంకర ఉన్న ఖాళీ స్థలంలో ముందు ఫోర్ హైలో, తర్వాత పూర్తిగా ఆపి ఫోర్ లోలో వేసి, ముందుకీ వెనక్కీ నడిపించి చూడాలి. లో రేంజ్ మొదటి గేరులో యాక్సిలరేటర్ తొక్కకుండా బండి నెమ్మదిగా పాకుతూ పోవాలి, మధ్యలో గేరు జారి బయటికి రాకూడదు. నగరంలోనే తిరిగిన బండ్లలో ఈ లివర్‌ను ఏళ్ల తరబడి ముట్టుకోనందువల్ల అది బిగుసుకుపోయి ఉంటుంది. స్విచ్‌తో మారే స్కార్పియో, సఫారీలలో దాన్ని తిప్పే మోటారు పాడై ఉండే అవకాశం ఉంది. ఆ ఖర్చును ధరలో తగ్గించమని అడగవచ్చు.

వరదలో మునిగిన బండిని గుర్తుపట్టడం ఎలా?

తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోనూ వేలాది వాహనాలు నీటమునిగాయి. 2015, 2023 డిసెంబరు వరదల్లో చెన్నైలోనూ ఇదే జరిగింది. సీటు బెల్టును చివరిదాకా లాగితే అడుగుభాగంలో బురద గీత కనిపించవచ్చు. సీట్ల కింది పట్టాల తుప్పు, కార్పెట్ కింద ఎండిన ఒండ్రు, హెడ్‌లైట్ల లోపలి మసక, డ్యాష్‌బోర్డు వెనుక వైర్ల కనెక్టర్లలో పచ్చటి పొర కూడా గుర్తులే. సర్వీసు చరిత్రతో పాటు బీమా క్లెయిమ్ చరిత్రను కూడా అడగండి. వైరింగ్ తడిసిన బండి ఊళ్లో సంవత్సరం పాటు బాగానే నడిచి, మనాలి–లేహ్ దారిలోని సర్చూ మైదానంలో ఆగిపోవచ్చు. ధర ఎంత తక్కువైనా అలాంటిది ఈ ప్రయాణానికి పనికిరాదు.

పత్రాల విషయంలో ఏం చూసుకోవాలి?

ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. బండి మీద అప్పు ఉండి ఉంటే ఫారం 35తో పాటు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ తీసుకోవాలి. బదిలీకి ఫారం 29, ఫారం 30. వేరే రాష్ట్రం నుంచి అయితే ఫారం 28 ద్వారా ఎన్‌ఓసీ అదనం. వేరే రాష్ట్రపు రిజిస్ట్రేషన్ ఉన్న వాహనాన్ని 12 నెలలకు మించి మన రాష్ట్రంలో ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, జీవితకాల పన్ను కట్టాలి. ఆ పన్ను మొత్తాన్ని ముందే తెలుసుకోకపోతే బయటి రాష్ట్రపు చౌక ధర చౌకగా మిగలదు. బీమా పాలసీని 14 రోజుల్లోగా మీ పేరుకు మార్చుకోవాలి. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. పాత యజమాని పేరుమీదే ఉన్న బండితో ప్రయాణానికి బయలుదేరవద్దు. లద్దాఖ్‌లో బయటి అద్దె వాహనాలపై స్థానిక టాక్సీ సంఘాల నిఘా గట్టిగా ఉంటుంది కాబట్టి, బండి మీ సొంతమేనని చూపగలగడం అవసరం.

ఢిల్లీ నుంచి వచ్చే డీజిల్ బండ్లు చౌక ఎందుకు? కొనవచ్చా?

దేశ రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అందువల్ల ఆ గడువుకు దగ్గరైన బండ్లు ఎన్‌ఓసీతో ఇతర రాష్ట్రాలకు తరలివస్తాయి. బండి బాగుంటే కొనవచ్చు. అయితే మన దారి చాలావరకు ఢిల్లీ మీదుగానే పోతుంది కనుక, వయసు మీరిన డీజిల్ బండితో ఆ ప్రాంతాన్ని దాటేముందు అప్పటికి అమల్లో ఉన్న నిబంధన ఏమిటో సరిచూసుకోవాలి. సొంత వాహనం ఆర్‌సీ గడువు 15 ఏళ్లనీ, ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్షతో ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలనీ లెక్కలో ఉంచుకోండి.

బీఎస్-4 బండి మేలా, బీఎస్-6 మేలా?

బీఎస్ అంటే భారత్ స్టేజ్, అంటే వాహనాల పొగకు పెట్టిన కాలుష్య ప్రమాణం. ఈ ప్రత్యేక అవసరానికి మంచి స్థితిలో ఉన్న బీఎస్-4 డీజిల్ వైపే మా మొగ్గు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్‌లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. అది తనను తాను శుభ్రపరచుకోవాలంటే కొంతసేపు ఆగకుండా వేగంగా నడవాలి. రోజంతా గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పాకే దారుల్లో ఆ అవకాశం దొరకదు. బీఎస్-6 కొనేవారు హెచ్చరిక లైటు వెలిగితే ఏం చేయాలో ముందే నేర్చుకుని వెళ్లాలి.

కొన్న తర్వాత మొదటి డబ్బు దేనిమీద పెట్టాలి?

మెరిసే సామగ్రి మీద కాదు. కొనుగోలు ధరలో కనీసం నాలుగో వంతును పక్కన పెట్టుకుని, అందులోంచి మొదట ఆయిల్‌లన్నీ, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, బెల్టులు, రేడియేటర్ హోసులు, డీజిల్ ఫిల్టరు మార్పించాలి. చక్రాల బేరింగులు విప్పించి గ్రీజు పెట్టించాలి, బ్యాటరీ మూడేళ్లు దాటితే కొత్తది వేయించాలి. షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు అరిగినవైతే కంపెనీవే కొత్తవి వేస్తే చాలు. ఎత్తు పెంచే కిట్లు అవసరం లేదు. పైకప్పు లైట్లకు పెట్టే మొత్తంతో బ్రేకులు, క్లచ్ పూర్తిగా కొత్తవి అవుతాయి.

ఏ మార్పులకు చట్టం ఒప్పుకోదు?

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. బండి ముందు బిగించే ఇనుప కడ్డీల చట్రాలైన బుల్ బార్లు తొలగించాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. పాదచారులకు ప్రాణాంతకం కావడం, ఎయిర్‌బ్యాగుల సెన్సర్ల పనికి అడ్డుపడటం అందుకు కారణాలు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి ఇవన్నీ ముందే బిగించి ఉండవచ్చు, కొన్నవెంటనే విప్పించండి. పాత యజమాని చేసిన మార్పుకైనా జరిమానా కట్టవలసింది మీరే, ప్రమాదం జరిగితే బీమా సంస్థ ప్రశ్నించేదీ మిమ్మల్నే. అనుమతించిన అదనపు పరికరాలుంటే వాటి విలువను పాలసీలో చేర్పించుకోవాలి.

టైర్ల ఎంపిక ఎలా?

ఆల్ టెరెయిన్ టైర్లు సరిపోతాయి. బురద కోసం చేసిన మడ్ టెరెయిన్ టైర్లు రెండు వేల కిలోమీటర్ల తారురోడ్డు మీద విపరీతమైన శబ్దం చేస్తాయి, తడి రోడ్డు మీద బ్రేకు దూరాన్ని పెంచుతాయి. సైజు కంపెనీ ఆ మోడల్‌కు నిర్దేశించిన వాటిలోనే ఉండాలి. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు చూడండి: 3419 అంటే 2019వ సంవత్సరం 34వ వారంలో తయారైంది. గాట్లు నిండుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరును ఈ దారికి నమ్మవద్దు. స్టెప్నీకి కూడా ఇదే వర్తిస్తుంది. విశాఖలో నింపిన గాలి, ఉష్ణోగ్రత అంతే ఉంటే, లేహ్‌లో గేజీ మీద సుమారు 5 పీఎస్‌ఐ ఎక్కువ చూపుతుంది, ఎందుకంటే బయటి వాతావరణ పీడనం తగ్గుతుంది. కాబట్టి అక్కడ చల్లటి ఉదయం మళ్లీ కొలిచి సరిచేయాలి. ఇసుకలో 18 పీఎస్‌ఐ వరకు తగ్గిస్తే టైరు పరుచుకుని పట్టు పెరుగుతుంది. తిరిగి రోడ్డెక్కగానే నింపడానికి 12 వోల్టుల కంప్రెసర్ తప్పనిసరి.

దిగబడితే బయటపడటానికి ఏ సామగ్రి కావాలి?

గట్టి పార, చక్రాల కింద పట్టు కోసం వేసే రెండు ట్రాక్షన్ పలకలు, మరో బండితో లాగించడానికి సాగే పట్టీ అయిన ఒక స్నాచ్ స్ట్రాప్, దాన్ని బండికి తగిలించే, 4.75 టన్నుల సామర్థ్యం ముద్రించిన రెండు షాకిల్స్ (ఇనుప కొక్కేలు), జాక్ కింద వేయడానికి మందపాటి చెక్క చాలు. స్ట్రాప్ తెగే బలం బండి బరువుకు రెండు మూడు రెట్లు ఉండాలి. దాన్ని ఛాసిస్‌కు బిగించిన హుక్కుకే తగిలించాలి. ట్రైలర్ బంతికి ఎన్నడూ తగిలించకూడదు. సాగిన స్ట్రాప్ లాగుతుండగా ఆ బంతి విరిగితే తూటాలా దూసుకొచ్చి మనుషుల ప్రాణాలు తీస్తుంది. లాగేటప్పుడు చుట్టూ ఉన్నవారందరినీ స్ట్రాప్ పొడవుకు మించిన దూరానికి పంపాలి. బండికి బిగించి తాడుతో లాగే యంత్రమైన విన్చ్ ఒంటరిగా వెళ్లేవారికి ఉపయోగకరమే కాని, దాని బరువూ, అది కోరే బంపర్ మార్పూ చూస్తే, రెండు బండ్లుగా కలిసి వెళ్లడం ఇంతకంటే మంచి పద్ధతి.

అదనపు ఇంధనం ఎంత తీసుకెళ్లాలి?

మనాలి వైపు తండి బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే బోర్డు ప్రసిద్ధం. కొండల్లో లీటరుకు 9 కిలోమీటర్లు ఇచ్చే జిప్సీకి 40 లీటర్ల నిండు ట్యాంకు కూడా అంతదూరానికి చాలదు. 57 లీటర్ల థార్‌కు చాలుతుంది, పక్కదారులకు మళ్లితే మాత్రం చాలదు. పెట్రోలియం చట్టం లైసెన్సు లేకుండా పెట్రోలును మొత్తం 30 లీటర్లకు మించి ఉంచుకోనివ్వదు, ఆ డబ్బా 25 లీటర్లకు మించని లోహపు డబ్బా అయి ఉండాలి. ప్లాస్టిక్ క్యాన్లలో పెట్రోలు మోయడం చట్టవిరుద్ధం, ప్రాణాపాయం కూడా. డీజిల్‌కు పరిమితులు ఇంత కఠినంగా లేవు. చలికాలంలో మామూలు డీజిల్ గడ్డకడుతుంది. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరు నుంచి లద్దాఖ్‌లో మైనస్ 33 డిగ్రీల వరకు ప్రవహించగల డీజిల్ అందిస్తోంది. మైదానంలో నింపిన ట్యాంకుతో శీతాకాలంలో పైకి వెళ్లేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

పైకప్పు మీద ఎంత సామాను పెట్టవచ్చు?

యజమాని పుస్తకంలో రాసిన పరిమితికి లోబడి, వీలైనంత తక్కువ. 20 లీటర్ల డీజిల్ డబ్బా దాదాపు 17 కిలోలు, అంతే నీరు 20 కిలోలు. బరువైనవన్నీ వెనుక సీట్లకు ఆనుకుని కింద ఉండాలి, తేలికైన పరుపులు, గుడారం పైన ఉండవచ్చు. ఛాసిస్ పగుళ్లు, స్ప్రింగులు విరగడం, టైర్లు పేలడం వెనుక చాలాసార్లు ఉండేది అధికభారమే.

శాటిలైట్ ఫోన్ తీసుకెళ్లవచ్చా?

టెలికాం శాఖ అనుమతి లేకుండా భారతదేశంలో శాటిలైట్ ఫోన్ ఉంచుకోవడం నేరం. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరాలకూ ఇది వర్తిస్తుంది. వాటితో వచ్చిన విదేశీయులను విమానాశ్రయాల్లో అదుపులోకి తీసుకున్న సందర్భాలున్నాయి. అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చే బంధువులను ఇలాంటివి తెమ్మని అడగవద్దు. లద్దాఖ్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు కాబట్టి పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఇద్దరి దగ్గర వేర్వేరు కంపెనీలవి, వాటిలో ఒకటి బీఎస్‌ఎన్‌ఎల్‌ది ఉంటే మేలు. రెండు బండ్ల మధ్య మాటలకు 446 మెగాహెర్ట్జ్ శ్రేణిలో లైసెన్సు అవసరం లేని, ధ్రువీకరణ ఉన్న వాకీటాకీలు సరిపోతాయి. మార్గాన్నీ, ఏ రాత్రి ఎక్కడ దిగుతారో ఆ వివరాలనూ ఇంట్లో రాసి ఇచ్చి వెళ్లండి.

పెద్ద ప్రయాణానికి ముందు బండిని ఎక్కడ పరీక్షించుకోవాలి?

పూర్తి బరువుతో, అనుకున్న మనుషులతో మారేడుమిల్లి–చింతూరు ఘాట్, పాడేరు–అరకు దారులు తిరిగి వస్తే ఇంజిన్ వేడెక్కడం, బ్రేకులు మెత్తబడటం, ఏదో ఒక బోల్టు వదులవడం ఇక్కడే బయటపడతాయి. అడవి లోపలి బాటల్లోకి అనుమతి లేకుండా దిగకూడదు. నల్లమలలో మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లే దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది.

దారిలో వాగులు దాటేటప్పుడు, దాటిన తర్వాత ఏం చేయాలి?

స్పితి, లద్దాఖ్ వాగుల్లో నీరు మంచు కరగడం వల్ల వస్తుంది కాబట్టి ఉదయం తక్కువగా ఉండి మధ్యాహ్నానికి పొంగుతుంది. అలాంటి చోట్లను పదింటిలోపే దాటేలా బయలుదేరాలి. లోతు తెలియకపోతే ముందు వెళ్లే బండిని గమనించాలి. నీటిలోకి దిగేముందు కొద్దిసేపు ఆగడం మంచిది, ఎందుకంటే వేడిగా ఉన్న డిఫరెన్షియల్ చల్లటి నీటిలో హఠాత్తుగా చల్లబడి, లోపలి గాలి కుంచించుకుని, సీళ్ల గుండా నీటిని పీల్చుకుంటుంది. లో రేంజ్ రెండో గేరులో, నిలకడైన వేగంతో, మధ్యలో గేరు మార్చకుండా దాటాలి. మధ్యలో ఇంజిన్ ఆగి, గాలి గొట్టంలోకి నీరు వెళ్లిందన్న అనుమానం ఉంటే మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దు. కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఇంజిన్ రక్షణ కవర్ విడిగా తీసుకోని పాలసీల్లో ఆ నష్టానికి సాధారణంగా పరిహారం రాదు. దాటాక బ్రేకును తేలికగా నొక్కుతూ కొంతదూరం నడిపి ఆరబెట్టాలి. ఆ సాయంత్రమో, మనాలి చేరాకో రెండు డిఫరెన్షియల్‌ల ఆయిల్ తీయించి చూసి, తెల్లబడి ఉంటే అక్కడే మార్పించి, ఆ తర్వాతే మైదానాల వైపు దిగాలి.